ఏ లోపమూ లేని త్రినాథం

త్రినాథానికి ఏ జబ్బూ లేదని తేలిన రోజున వాళ్ళింట్లో పొయ్యి వెలగలేదు. భార్య కనకరత్నం వంటగది గుమ్మంలో కూలబడి కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. కింద వాటాలో ఉండే రిటైర్డు హెడ్మాస్టరు పరామర్శకి వచ్చాడు గాని గడప దాటలేదు. "ధైర్యంగా ఉండమ్మా. మొదటి పరీక్షే కదా. ఇంకోసారి చేయిస్తే ఏదో ఒకటి బయటపడకపోదు" అని బయట నుంచే చెప్పి, వయసు మరిచిపోయి మెట్లు రెండేసి చొప్పున దిగి వెళ్ళిపోయాడు.

జబ్బు లేకపోతే ఏడుపెందుకని మీకు అనుమానం రావచ్చు. వస్తే మంచిదే, ఆ రోజుల్లో అనుమానం ఉన్నవాళ్ళకి ఉద్యోగాలు నిలిచాయి. సంగతి తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

ఆ నగరం పేరు చెబితే అక్కడివాళ్ళు నాకు నోటీసిస్తారు కనక చెప్పను. అక్కడి నీటిశుద్ధి కేంద్రంలో త్రినాథం పెద్ద కెమిస్టు. ఊరు తాగే నీళ్ళలో పటిక ఎంత పడాలో, క్లోరిన్ ఎంత పడాలో చూడడం అతని పని. మనిషి కూడా తను శుద్ధి చేసిన నీళ్ళలాగే ఉండేవాడు, రంగూ రుచీ వాసనా లేకుండా. ఎవరైనా తనని తిడితే పాపం ఇంట్లో ఏం కష్టం వచ్చిందో అనుకునేవాడు. అతనికున్న ఒకే ఒక్క స్నేహితుడు పైడిరాజు, అదే కేంద్రంలో పైపుల ఫిట్టరు. డ్యూటీ దిగాక ఇద్దరూ బస్టాండు పక్కన టీ తాగేవాళ్ళు. పైడిరాజు మాట్లాడేవాడు, త్రినాథం వినేవాడు. ఊళ్ళో ఏ పైపు ఎవరి పలుకుబడితో ఎటు వంకర తిరిగిందో పైడిరాజు చెబుతుంటే అంతకుమించిన పురాణం ఇంకోటి ఉండదనిపించేది.

ఒకరోజు నీళ్ళ శాంపిలు మళ్ళీ చూడాల్సొచ్చి, "నువ్వు పద, వెనకాలే వస్తా" అన్నాడు త్రినాథం. పైడిరాజు వెళ్ళి బెంచీ మీద కూచున్నాడు. ఆ బెంచీ కింద ఎవరో బ్యాగు పెట్టి వెళ్ళారు. త్రినాథం వెళ్ళేసరికి బెంచీ లేదు, టీ కొట్టు లేదు, పైడిరాజు లేడు. ఎవరికీ ఏ అపకారమూ చేయని మనిషిని ఎందుకిలా చేశారో త్రినాథానికి ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. అన్నం ముందు కూచున్నా అదే ఆలోచన.

బ్యాగు పెట్టిన కుర్రాణ్ణి పోలీసులు తొందరగానే పట్టుకున్నారు. వాడి పేరు, కులం, మతం మనకి అక్కర్లేదు. టీవీలవాళ్ళు అవన్నీ అప్పటికే అరిగేదాకా తిప్పారు. ఆ టీవీల్లోనే ఒక పెద్దమనిషి, ఉగ్రవాదమంతా వ్యక్తిత్వ లోపం వల్లనే పుడుతుందనీ, ఆ లోపాన్ని మొక్కగా ఉండగానే కనిపెడితే బాంబన్నదే పేలదనీ సెలవిచ్చాడు. ఆ మాట ప్రభుత్వం చెవిన అమృతం పోసినట్టయింది. లోపం కుర్రాడి బుర్రలో ఉందంటే మరెక్కడా వెతికే శ్రమ ఉండదు కదా. వెంటనే 'వ్యక్తిత్వ లోపాల గుర్తింపు ద్వారా ఉగ్రవాద నివారణ ఉన్నతాధికార సంఘం' వెలిసింది. అధ్యక్షులు శ్రీ చక్రధర వర్మగారు. ఆయన ప్రభుత్వ సర్వీసులో ఉండగా రొయ్యల తెగుళ్ళ సంఘానికీ, పుష్కరాల చెప్పుల స్టాండ్ల సంఘానికీ అధ్యక్షత వహించి, రెంటిలోనూ మధ్యంతర నివేదిక దాకా నెట్టుకొచ్చిన అనుభవశాలి.

కుర్రాణ్ణి పరీక్షించే బాధ్యత ప్రభుత్వ మానసిక వైద్యశాలలో పనిచేసే డాక్టర్ ఎస్తేరు రాణి మీద పడింది. ఆవిడ జైలుకి వెళ్ళి, వాడితో ఓపిగ్గా కూచుని, ఉన్న పరీక్షలన్నీ చేసి, ఏ లోపమూ లేదని రాసిచ్చింది. వర్మగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"సరిగ్గా చూశారా డాక్టరుగారూ?"

"చూశానండి. నిద్ర పడుతోంది, తిండి సయిస్తోంది. తల్లంటే ప్రాణం. స్నేహితులున్నారు."

"జాలి, దయ లాంటివి బొత్తిగా ఉండవు కదా?"

"జైల్లో పిల్లికి తన పెరుగన్నం పెడుతున్నాడండి."

వర్మగారికి పిల్లి సంగతి నచ్చలేదు. ఆవిణ్ణి మిగతా జైళ్ళకి కూడా తిప్పారు. బాంబులు పెట్టినవాళ్ళు, పెట్టబోయి దొరికినవాళ్ళు, పెట్టమని చెప్పినవాళ్ళు, అందర్నీ చూసొచ్చి ఆవిడ అదే మాట చెప్పింది. "మా శాస్త్రంలో ఇది కొత్తేమీ కాదండి. ఇలాంటి పనుల్లోకి దిగినవాళ్ళలో ఎక్కువమంది స్వభావానికి మీలా నాలా ఉంటారు. స్వభావం చూసి ముందే పట్టేద్దామంటే కుదరదు. ఎవరితో తిరిగాడు, ఏం నమ్మాడు, కడుపులో ఏం మండింది, ఆ బ్యాగు చేతికి ఎవరిచ్చారు, ఇవి అడగాలి. అడిగితే ఆ బస్టాండు కుర్రాడు చెప్పేలాగే ఉన్నాడు."

వర్మగారు చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. నిద్రపోయారేమోనని సభ్యులు గొంతులు తగ్గించారు. ఆయన కళ్ళు తెరిచేసరికి ముఖం వెలిగిపోతోంది.

"అంటే పట్టుబడ్డ ప్రతివాడిలోనూ ఒకే లక్షణం కనిపించిందన్నమాట."

"ఏ లక్షణమూ కనిపించలేదంటున్నానండి."

"అదే నేననేది. అందరిలోనూ అదే కనిపించలేదు. ఇంతమందిలో ఒకేలా కనిపించకపోవడం కాకతాళీయం అవుతుందా? కనిపించకపోవడమే లక్షణం. రాసుకోండి."

సభ్యులు రాసుకున్నారు. ఒకాయన చప్పట్లు కొట్టాడు. ఎస్తేరు రాణి ఏదో అనబోతే, టిఫిన్లొచ్చాయి.

నెల తిరక్కుండా ఉత్తర్వు వెలువడింది. "ఇందుమూలముగా సమస్త శాఖాధిపతులకు తెలియజేయడమేమనగా, ఎట్టి వ్యక్తిత్వ లోపమూ లేని వ్యక్తులు శాంతిభద్రతల దృష్ట్యా అనుమానాస్పదులుగా పరిగణింపబడుదురు. సదరు వ్యక్తులు తమ యందు కనీసం ఒక లోపము కలదని ధ్రువీకరణ పత్రము సమర్పించు వరకు కీలక స్థలముల యందు విధులు నిర్వర్తించరాదు." కీలక స్థలాల్లో మొట్టమొదటిది మంచినీళ్ళ కేంద్రమైంది. నీళ్ళలో ఎవరేం కలుపుతారోనని అందరికీ భయమే.

కేంద్రం మొత్తానికి పరీక్ష పెట్టారు. స్టోర్‌కీపరుకి అనుమాన వికారం మంచి మార్కులతో వచ్చింది. అతను ఫలితాల కాగితం కూడా నకిలీదేమోనని దీపం వెలుగులో పెట్టి చూసుకున్నాడు. ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగారికి ఆత్మరతి అత్యున్నత స్థాయిలో ఉందని తేలింది. ఆయన తన ఫొటోతో గేటు ముందు ఫ్లెక్సీ కట్టించుకుని, తనని తానే అభినందిస్తూ పేరు వేయించుకున్నారు. గేటు దగ్గర వాచ్‌మన్‌కి కూడా చీటికీ మాటికీ పూనకం తెచ్చుకునే నాటకీయ స్వభావం దక్కింది. స్వీట్లు పంచుకున్నారు. త్రినాథం పేరు దగ్గర మాత్రం సున్నా చుట్టారు.

ఆ సాయంత్రమే అతన్ని ల్యాబులోంచి పంపేశారు. క్లోరిన్ సంగతి ఇంజనీరుగారు స్వయంగా చూసుకుంటానన్నారు. తనకి తెలియనిది లేదు కనక కొలవక్కర్లేదనీ, వాసన చూస్తే చాలనీ ఆయన నమ్మకం. ఊరు నీళ్ళు కాచుకుని తాగడం మొదలుపెట్టింది. త్రినాథం ఇంటి ముందు ఒక కానిస్టేబుల్ని వేశారు. ఎండలో నించున్నాడని త్రినాథం కుర్చీ, మజ్జిగ పంపాడు. కానిస్టేబుల్ పుస్తకంలో రాసుకున్నాడు, 'మంచితనం కొనసాగుతున్నది' అని.

ఇక చుట్టుపక్కలవాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. "ఏనాడూ గొంతు పెంచగా వినలేదు. నేనప్పుడే అనుకున్నా" అంది ఎదురింటావిడ. "నిండుకుండ తొణకదంటారు గానీ, నిండింది ఏమిటో ఎవరు చూశార్లెండి" అన్నాడు హెడ్మాస్టరు. అప్పులిచ్చి మరిచిపోవడం, పక్కింటి పెళ్ళికి నీళ్ళ ట్యాంకరు తెప్పించడం, ఇలా అతని పాత నేరాలన్నీ ఒక్కొక్కటే బయటికొచ్చాయి.

ఉన్నతాధికార సంఘం నుంచి తాఖీదు వచ్చింది. ఫలానా తేదీన స్వయంగా హాజరై లోపం చూపించుకోవాలి, లేకపోతే ఉద్యోగం నుంచి తొలగింపు, ఆపైన ముందుజాగ్రత్త నిర్బంధం. త్రినాథం ఎస్తేరు రాణి దగ్గరికి పరిగెత్తాడు.

"అమ్మా, చిన్నదైనా చాలు. ఏదో ఒకటి రాసివ్వండి."

ఆవిడ అతన్ని చూసి నిట్టూర్చింది. "లేనిది ఎలా రాయనండీ? మీరు దుఃఖంలో ఉన్నారు. స్నేహితుడు పోతే మనిషికి ఉండాల్సిన దుఃఖమే అది. దాన్ని జబ్బనడానికి నా చేయి రాదు."

"ఆ కుర్రాడు ఏమైనా చెప్పాడా అమ్మా, ఎందుకు చేశాడో?"

"అడగమని నివేదికలో ఒక వాక్యం రాశాను. అప్రస్తుతం అని కొట్టేశారు. నేను అడిగి తెలుసుకున్నా చెల్లదట, అనుబంధంలో ఆ గడి లేదు. వెళ్ళినప్పుడల్లా వాడే నన్ను అడుగుతాడు, ఇవాళైనా అడుగుతారా మేడమ్ అని. నేను పరీక్ష పేరుతో సిరా మరకలు చూపించి, వీటిలో ఏం కనిపిస్తోందని అడిగి వచ్చేస్తున్నాను."

డాక్టరు చేయని పని చేయడానికి మనకి కోచింగ్ సెంటర్లుంటాయి. అంతవరకూ ఇంజనీరింగు ప్రవేశ పరీక్షకి ఫిజిక్సు చెప్పిన బుల్లెబ్బాయి మేష్టారు రాత్రికి రాత్రి బోర్డు మార్చి 'స్వభావ అకాడమీ' పెట్టాడు. కూడలిలో తాటిచెట్టంత హోర్డింగు. 'అనుమాన వికారంలో రాష్ట్ర ప్రథమ ర్యాంకు మాదే.' ఆ ర్యాంకరు తన ఫొటో ఎవరికీ ఇవ్వనన్నాడు కనక ఆ చోటు ఖాళీగా ఉంచారు. మిగతా చోటంతా ఆత్మరతి ర్యాంకరు ఫొటోయే. తల్లిదండ్రులు పిల్లల్ని తీసుకొచ్చి, "మావాడికి కోపం బానే ఉంది గాని నిలకడ లేదండీ, మీరే చూడాలి" అని బతిమాలుతున్నారు.

త్రినాథం షార్ట్‌టర్మ్ బ్యాచ్‌లో చేరాడు. మొదటి పాఠం, ఎదుటివాడి కుర్చీ లాక్కోవడం. త్రినాథం వంతు వచ్చింది.

"మీరు కూర్చోండి మేష్టారూ, పొద్దున్నించి నించునే ఉన్నారు" అన్నాడు.

బుల్లెబ్బాయి నుదురు రుద్దుకున్నాడు. "ఏవండీ, ఇంట్లో ఎప్పుడైనా కంచం విసిరేశారా? కూరలో ఉప్పు లేదనో, మరోటనో?"

"ఉప్పు లేకపోతే లేచెళ్ళి తెచ్చుకున్నానండి."

"ఎవరైనా మీ వెనక గోతులు తవ్వుతున్నారని అనిపించదా?"

"మా శాఖలో గోతులు తవ్వడం ఉద్యోగమేనండి. పైపులెయ్యాలి కదా."

మోడల్ పరీక్షల్లో అతనికి వరసగా సున్నాలొచ్చాయి. చివరికి మేష్టారు అతన్ని పక్కకి పిలిచి, భుజం మీద చెయ్యేశాడు. "మా అకాడమీలో ఫెయిలన్న మాట లేదండి. దయచేసి ఇక్కడ చదివినట్టు ఎవరికీ చెప్పకండి."

హాజరు కావలసిన రోజు పొద్దున కనకరత్నం అతనికి బొట్టు పెట్టి గుమ్మం దాకా వచ్చింది. "ఒక్క మాట ఇనండి. ఆళ్ళేటన్నా ఎంటనే సరే అనకండి. నాకోసం."

"సరే" అన్నాడు త్రినాథం. ఆవిడ నెత్తి కొట్టుకుంది.

సంఘం వారి హాలు చల్లగా ఉంది. గుర్రపు లాడంలా వేసిన బల్లల వెనక సభ్యులు, మధ్యలో వర్మగారు, ఆ చివర ఎస్తేరు రాణి. టీ ఇచ్చారు. త్రినాథం ఒక గుక్క తాగి, కప్పు దించి, మేష్టారు నేర్పినట్టు కళ్ళు చిన్నవి చేశాడు.

"ఈ టీలో ఏదో కలిపారని నా అనుమానం" అన్నాడు.

సభ్యులు ఆసక్తిగా ముందుకి వంగారు. సెక్షన్ అధికారి కలం పట్టుకున్నాడు.

"ఏం కలిపారంటారు?" అన్నారు వర్మగారు.

"క్లోరినండి, మోతాదు ఎక్కువైంది. పైగా మీ మేడ మీద ట్యాంకు కడిగించి చాలా కాలమైనట్టుంది. మనిషిని పంపిస్తే నేను దగ్గరుండి కడిగించి పెడతాను. మీరంతా పెద్దవాళ్ళు, ఇలాంటి నీళ్ళు తాగకూడదు."

సభ్యులు వెనక్కి వాలారు. సెక్షన్ అధికారి 'సేవాభావం' అని రాసి కింద గీత గీశాడు. వర్మగారు విచారంగా తల ఊపారు. ఆయన చెడ్డవాడు కాడు. చెప్పుల స్టాండ్ల రోజుల్లో కూడా చెప్పులు పోయినవాళ్ళని చూసి బాధపడేవారు.

"త్రినాథంగారూ, మీ మీద మాకు వ్యక్తిగత ద్వేషం లేదు. మీకిచ్చిన అవకాశాలు మీరు వినియోగించుకోలేదు. బస్టాండు ఘటన వంటివి పునరావృతం కాకూడదన్నదే ఈ సంఘం యొక్క ఏకైక లక్ష్యం. ఉత్తర్వు రాసుకోండి. సదరు త్రినాథం యందు..."

"బస్టాండులో పోయినవాడు మా పైడిరాజండి" అన్నాడు త్రినాథం.

"సంఘం తరఫున సంతాపం. రికార్డు చేయండి. సదరు త్రినాథం యందు ఎట్టి లోపమూ..."

"పైడిరాజుని ఎందుకు చంపావని ఆ కుర్రాణ్ణి ఎవరన్నా అడిగారాండి?"

సెక్షన్ అధికారి కాగితాలు తిరగేసి, "ఆ ప్రశ్న ఆమోదిత ప్రశ్నావళిలో లేదు సార్" అన్నాడు.

"లేదని తెలుసు. అడిగారా అంటున్నాను."

"కూర్చోండి" అన్నారు వర్మగారు.

త్రినాథం కూర్చోలేదు. తను లేచి నించున్న సంగతి అతనికి అప్పుడే తెలిసింది. "వాడు పిల్లికి అన్నం పెట్టాడా, వాళ్ళమ్మని ప్రేమించాడా, అన్నీ అడిగారు. ఇక్కడందరం ఎవరికెంత పిచ్చుందో కొలిపించుకున్నాం. మా పైడిరాజు ఏం చేశాడని చంపారు? ఆ బ్యాగు కుర్రాడి చేతికెవరిచ్చారు? ఇచ్చినవాడు ఇప్పుడెక్కడున్నాడు? ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు అడిగారా?" అంటూ బల్ల గుద్దాడు. టీ ఒలికి ఉత్తర్వు మీద పడింది. అతని కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. పుట్టి బుద్ధెరిగాక అంత గట్టిగా అతను మాట్లాడింది లేదు.

హాల్లో చిన్న కలకలం రేగింది. ఒక సభ్యుడు వేళ్ళు మడుస్తున్నాడు. "అధికారం పట్ల ధిక్కారం."

"తానొక్కడే సరిగ్గా ఆలోచిస్తున్నాననే భ్రమ" అన్నాడు ఇంకొకాయన.

"కనిపించని వ్యక్తి ఎవరో బయట తిరుగుతున్నాడనే అనుమానం."

"బల్ల కూడా గుద్దాడండి" అన్నాడు సెక్షన్ అధికారి, ఆనందం ఆపుకోలేక.

వర్మగారు కుర్చీలోంచి లేచి వచ్చి త్రినాథం చెయ్యి పట్టుకుని ఊపారు. "ఇంత సరుకు లోపల పెట్టుకుని ఇన్నాళ్ళూ మమ్మల్ని హడలగొట్టారు కదయ్యా. అకాల ప్రశ్నా ప్రవృత్తి. మధ్యస్థ స్థాయి. మన రాష్ట్రంలో ఇదే మొదటి కేసు."

"అది జబ్బు కాదండి" అంది ఎస్తేరు రాణి. "ఈ హాల్లో నేను విన్న మొట్టమొదటి ఆరోగ్యమైన మాట అది."

"డాక్టరుగారి అసమ్మతి రికార్డు చేయండి" అన్నారు వర్మగారు, ఆవిడ వైపు ఆప్యాయంగా చూస్తూ.

ఆ రోజు వాళ్ళింట్లో కనకరత్నం పరమాన్నం వండింది. హెడ్మాస్టరు గడప దాటి లోపలికొచ్చి, రెండోసారి వేయించుకుని తిన్నాడు. కానిస్టేబుల్ కుర్చీ తిరిగిచ్చి సెలవు తీసుకున్నాడు. మర్నాడు త్రినాథం ల్యాబుకి వెళ్ళి ఇంజనీరుగారి ముక్కు చేసిన నష్టాన్ని సరిచేశాడు. ఊరు మళ్ళీ కుళాయి కింద గ్లాసు పెట్టుకుని తాగింది. తన ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదన్న సంగతి అతనికి ఆ సందడిలో తట్టలేదు. తట్టాక ఒక ఉత్తరం రాశాడు. 'మీ లోపం యథాతథంగా కొనసాగుతున్నందుకు హర్షం' అని జవాబొచ్చింది.

ధ్రువపత్రం గడువు ఒక్క ఏడాది. ఏటా వెళ్ళి, లోపం తగ్గలేదని చూపించుకుని, స్టాంపు వేయించుకోవాలి. మొదటిసారి వెళ్ళినప్పుడు త్రినాథం రాత్రంతా మాటలు కూర్చుకుని వెళ్ళాడు. పైడిరాజు ఎలాంటివాడో చెప్పాడు. జవాబు చెబుతారేమోనని స్టాంపు పడ్డాక కూడా నించున్నాడు. వెనక వరసలో ఉన్నవాళ్ళు విసుక్కుంటే పక్కకి తప్పుకున్నాడు. ఆ మరుసటేడు త్వరగా ముగించాడు. ఆ రోజు ల్యాబులో కొత్త యంత్రం దిగుతోంది.

ఆ తరవాతి ఏడు, వేసవిలో, పక్క జిల్లా రైల్వే స్టేషన్లో బ్యాగు పేలింది. బస్టాండులో దొరికిన ముక్కలూ, ఇక్కడ దొరికిన ముక్కలూ ఒకే చేతి పనిలా ఉన్నాయని పేపర్లో వచ్చింది. పట్టుబడ్డ కుర్రాడికి ఏ లోపమూ లేదనీ, సంఘం వారి సిద్ధాంతం మరోమారు రుజువైందనీ వర్మగారు పత్రికలవారికి చెప్పారు. త్రినాథం ఆ వార్త కాఫీ తాగుతూ చదివాడు. చదివి, బీరువా తెరిచి, తన ధ్రువపత్రం గడువు ఎప్పటిదాకా ఉందో చూసుకున్నాడు.

గడువు దగ్గర పడింది. వెళ్ళాడు. ఇప్పుడు సంఘం హాలు దాకా వెళ్ళనక్కర్లేదు, కింద అంతస్తులో కిటికీ పెట్టారు. తన వంతు రాగానే త్రినాథం కాగితం లోపలికి తోసి, "మా పైడిరాజుని ఎందుకు చంపారో ఎవరైనా అడిగారా?" అన్నాడు.

కిటికీ అవతలి గుమాస్తా స్టాంపు ఎత్తి, ఆపాడు. "ఈ ఏడు ప్రశ్న నమూనా మారింది సార్. వ్యక్తుల పేర్లు ఉండకూడదు. పేరు తీసేసి అడగండి."

వెనక చాలామంది నించుని ఉన్నారు. త్రినాథం గడియారం చూసుకున్నాడు.

"సరే" అని, పేరు తీసేసి అడిగాడు.